వెయ్యో చెయ్యి

గొలుసు 993
చెయ్యి: లోవరాజు గారి పాప, నాలుగో నెల

పోయిన వారం టీకా వేసిన పిల్లాడి చేతి మీద పొక్కు చక్కగా పండింది. సూది మొనతో దాన్ని తాకి, ఆ రసం లోవరాజు గారి పాప చేతికి అంటించాను. పాప కేరుమంది. వాళ్లమ్మ నా మొహం కేసి చూసి నవ్వింది. వచ్చే వారం ఈ పాప చేతి మీంచి ఇంకొకరికి ఎక్కాలి. కరెంటు పోయి మందుల ఫ్రిజ్‌లు బియ్యం పోసుకునే పెట్టెలైపోయిన నాటి నించీ మా గరికలంకలో మశూచి టీకా మందు మనుషుల చేతుల్లోనే బతుకుతోంది. ఒక్క వారం కొత్త చెయ్యి దొరక్కపోతే అది చచ్చిపోతుంది. పంతొమ్మిదేళ్లుగా చావనివ్వలేదు.

ఎవరు చావనివ్వలేదని అడిగితే నేనే చెబుతాను, అడక్కపోయినా చెబుతాను. ఆవు పొదుగు మీది పొక్కు రసం ఈ లంకలో మొదట అంటించుకున్న చెయ్యి నాది. గొలుసు 1. అలాంటి ఆవు మళ్లీ మాకు కనబడలేదు. మా వాళ్లు టీకా మచ్చ కనబడాలని చొక్కాలకి ఎడమ చెయ్యి పొట్టిగా కుట్టించుకుంటారు. నా చొక్కాలకి ఎడమ చెయ్యి అసలుండదు.

ఈ పొద్దున సిగ్గుపడాల్సిన పని ఒకటి చేశాను. పైడితల్లి వచ్చింది. ఉత్తరపు జిల్లాల వైపు పిల్ల, గంగరాజు పెళ్లాం, లంకకి కోడలిగా వచ్చి మూడు నెలలైంది. వాళ్ల వైపు టీకా లేదు. గంగరాజు పడవలకి చెక్క కొడతాడు, ఈమె ఆ చెక్కల సందుల్లో దూది కూరి గుగ్గిలం పూస్తుంది.

“నా వొంతు ఎప్పుడొస్తాదండి బాబూ?” అంది. “మచ్చ నేందే రేవు దాటనివ్వరట. అవతలి గట్టున పనుండిపోయింది. ఆయనొక్కడూ సేసుకోనేకపోతన్నాడు.”

“కొత్త కోడళ్లకి ఏడాది నిండాక గానీ వెయ్యకూడదమ్మా. అది నియమం.”

అలాంటి నియమం లేదు. లంకకి పుట్టి వచ్చినా, పెళ్లాడి వచ్చినా, వచ్చిన వరసలో టీకా వెయ్యాలి. ఆ వరస ప్రకారం వచ్చే వారం ఆమెదే. నా నోట్లోంచి ఆ అబద్ధం చాలా నున్నగా వచ్చింది. ఆమె “సరేనండి” అని వెళ్లిపోయింది. బడి మాస్టారి మాట కదా.

గొలుసు 994
చెయ్యి: కమ్మరి వారి బుడ్డోడు

కారణం రాసుకుంటేనన్నా తేలిగ్గా ఉంటుందేమో. లంకలో టీకా పడనివాళ్లు నిన్నటికి ఏడుగురు మిగిలారు. వారానికి ఒకరు. లెక్క సరిగ్గా వెయ్యి దగ్గర ఆగుతుంది. అప్పటికి వర్షాలు తగ్గి పడవలొస్తాయి, కొత్తవాళ్లొస్తారు, గొలుసు సాగుతుంది. ఏడుగురిలో ఆరుగురు పాలు తాగే పిల్లలు. పిల్లల పొక్కు బఠాణీ గింజంత. గోక్కుంటారు, చిదుపుకుంటారు. పైడితల్లిది నిండు చెయ్యి, నున్నటి చర్మం. ఆ చేతి మీద పొక్కు లేస్తే చూడ్డానికి రెండు కళ్లు చాలవు.

వెయ్యో చెయ్యి పడే రోజుకి చుట్టుపక్కల లంకల పెద్దలందరూ వస్తున్నారు. రావిగట్టు వరదయ్య కూడా వస్తాడు. వాళ్ల ఊరి గొలుసు ఆరువందల చిల్లర దగ్గర తెగిపోతే మా దగ్గర అడుక్కుని మళ్లీ ఒకటి నించి మొదలెట్టుకున్న మనిషి. అతనికి ఆ చెయ్యి చూపించాలని నా కోరిక. ఇంతకన్నా పెద్ద కారణం లేదు.

మంత్రసాని సూరాయమ్మ పట్టేసింది. ఈ లంకలో ఎవరెప్పుడొచ్చారో ఆవిడకి నోటికొచ్చు.

“ఏవయ్యా త్రిమూర్తులూ, ఈ వారం గంగరాజు కోడలిపిల్లది కదా. కమ్మరోళ్ల బుడ్డోడు ఎలా వచ్చాడు మధ్యలోకి?”

“గంగరాజు పెళ్లాం అత్తయ్యా, కోడలిపిల్ల కాదు” అన్నాను మాట తప్పించడానికి.

“నాకందరూ కోడళ్లే. అడిగినదానికి చెప్పు.”

“పెద్ద చెయ్యి అత్తయ్యా. ఆఖర్న పనికొస్తుందని దాచాను.”

“దాచుకోడానికి అదేమన్నా ఆవకాయ జాడీయా?” అని చీరకొంగు దోపుకుని వెళ్లిపోయింది. ఇంకా తిడితే బావుణ్ణు.

మధ్యాహ్నమంతా పాత పేపర్లు మైదా జిగురుతో అంటించాను. వెయ్యో చెయ్యి పడే రోజున గడ్డి మంట మీద కాగితం బుడగ ఎగరేస్తాం. దాని పొట్ట మీద నల్ల రంగుతో వెయ్యి అంకె కూడా వేశాను.

గొలుసు 995
చెయ్యి: నేతగాళ్ల కవలల్లో పెద్దది

బడిలో ఈ వారం చరిత్ర పాఠం. మాకు చరిత్ర అంటే పద్దెనిమిదో శతాబ్దం చివరి భాగమే. ఆ కాసిన్ని ఏళ్లలోనే మనుషులు ఆవిరిని పనిలో పెట్టారు, కాగితమూ గుడ్డా కలిపిన బుడగలో గాల్లోకి లేచారు, కొండ మీంచి కొండకి కర్ర చేతులు ఊపి కబుర్లు పంపుకున్నారు, ఆవు పొక్కు రసంతో మశూచిని ఆపారు. కరెంటు పోయాక మేమూ అక్కణ్ణించే ఎత్తుకున్నాం. మా ఆవిరి పంపు నాలుగు గుటకలు నీళ్లు తోడితే రెండు గుటకలు దగ్గుతుంది గానీ, తోడుతుంది.

ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఈ రసాన్ని ఓడలో సముద్రం దాటించిన ముచ్చట కూడా పిల్లలకి చదివాను. ఓడలో అనాథ పిల్లల్ని వరసగా పెట్టుకుని, ఒకరి చేతి మీంచి ఒకరికి ఎక్కిస్తూ తీసుకెళ్లారు. ఏటా ఈ పేజీ చదివేటప్పుడు నా గొంతు కాస్త పైకి లేస్తుంది. ఈసారి ఎందుకో లేవలేదు. ఆ పిల్లల పేర్లు నా దగ్గరున్న పుస్తకంలో లేవు. ఇన్నేళ్లలో నేను వెతకనూ లేదు.

సాయంత్రం పడవల షెడ్డుకి వెళ్లాను. పైడితల్లి చేతి మీద గుగ్గిలం బొబ్బలేమైనా ఉన్నాయేమో చూద్దామని. అవును, సంతలో వంకాయ చూసినట్టు ఒక మనిషి చెయ్యి చూడ్డానికి వెళ్లాను. ఎగువ నించి వచ్చిన పడవ ఒకటి బోర్లా తిప్పకుండానే బాగుచేస్తున్నారు. పడవవాళ్లు బొంతలు లోపలే వదిలేసి రేవులో కూర్చున్నారు. వాళ్లలో ఒకడు మొహానికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. పైడితల్లి ఆ బొంత మీదే వెల్లకిలా పడుకుని పడవ పైకప్పు చెక్కల్లో దూది కూరుతోంది.

“చెయ్యి జాగ్రత్తమ్మా” అన్నాను.

“మనిసి జాగర్తని ఒకలూ అనరేటి” అని నవ్వింది. నేనూ నవ్వాను.

గొలుసు 996
చెయ్యి: నేతగాళ్ల కవలల్లో చిన్నది

రావిగట్టు కొండ మీద కబుర్లు చెప్పే కర్ర చేతుల స్తంభం పొద్దున్నే రెండు చేతులూ కిందకి వాల్చింది. ఆ గుర్తు పంతొమ్మిదేళ్లలో మేము రెండుసార్లే చూశాం. ఎగువన అమ్మవారు పోసింది.

నియమం తెలియనివాడు లంకలో లేడు. ఈ గుర్తు పడిన రోజున వరసా లేదు, వారమూ లేదు. పండిన పొక్కు ఏ చేతి మీదుంటే దాని మీంచి టీకా పడని ప్రతి మనిషికీ ఆ పూటే వేసెయ్యాలి. గొలుసు ఏమైనా సరే. ఈ నియమం రాసింది నేనే.

ఈ వారం వంతైన చిన్న కవల పోగా మిగిలింది నలుగురు. చిన్న కవలతో పాటు ముగ్గురు పిల్లలకీ పైడితల్లికీ వేసేస్తే పంతొమ్మిదేళ్ల గొలుసు వచ్చే వారంతో సరి. ఆ తర్వాత చెయ్యి లేదు. వచ్చే ఏడాది పుట్టేవాళ్ల గతేమిటని పంచాయతీలో లేచి మాట్లాడాను. ఎగువన అంటే ఎంత ఎగువనో, వరద నీళ్లలో ఇంత దూరం ఎవడొస్తాడని అడిగాను. రేవు మూసేస్తే చాలన్నాను. మాట్లాడ్డం నాకు బాగా వచ్చు. అందరూ తలూపారు. నేను చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. కానీ పుట్టబోయేవాళ్ల కోసం ఎంత గట్టిగా వాదించానో, ఆ సేపంతా నా కళ్ల ముందు కనబడింది మాత్రం వరదయ్య మొహం.

సూరాయమ్మ ఒక్కతే తలూపలేదు. బయటికొచ్చాక నా దారికి అడ్డంగా నిలబడింది.

“పోయినవారం షెడ్డుకొచ్చిన పడవ ఎగువన ఏ ఊరిదో కనుక్కున్నావా?”

“కనుక్కుంటాను అత్తయ్యా.”

కనుక్కోలేదు. కనుక్కుంటే తెలిసిపోతుందని భయం.

గొలుసు 997, 998, 999
చేతులు: చేపల అప్పన్న మనవడు, లోవరాజు గారి అన్న కొడుకు, పంపు తిప్పే నాగన్న కూతురు

ముగ్గురికీ ఈ మధ్యాహ్నమే వేసేశాను. నాగన్న కూతురికి రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది.

పొద్దున చిన్న కవల పొక్కు చూస్తుంటే గంగరాజు పరిగెత్తుకొచ్చాడు. “మా ఆడదానికి మొన్నట్నించి జొరమండి మాస్టారూ. నడుం విరిగిపోతందంటంది. మాట తేడాగా ఉందండి.” సూదీ కవల పిల్లనీ పట్టుకుని వాళ్లింటికి ఉరికాను. అది మలేరియా కావాలని దారి పొడుగునా మొక్కుకున్నాను. ఒకరికి మలేరియా రావాలని మొక్కుకునే స్థితికి వచ్చాను.

పైడితల్లి గోడ వైపు తిరిగి పడుకుంది. నన్ను చూసి లేచి, ఎడమ జాకెట్టు చెయ్యి పైకి మడిచి చాపింది. వంతొచ్చిందనుకుంది. ఆ చేతి మీద నేను రోజూ ఊహించుకున్న చోటే ఎర్రటి చుక్కలు లేస్తున్నాయి. మొహం మీదా, నోటి చుట్టూ ముందే లేచాయి.

“ఎయ్యండి బాబూ” అంది.

“ఇప్పుడు వేసి లాభం లేదమ్మా” అన్నాను. నా పక్కన కవల పిల్ల ఏడుస్తోంది. దాని చేతి మీద పండిన పొక్కు ఉంది. మూడు వారాలుగా ఏ చేతి మీదో ఒక చేతి మీద ఉంటూనే ఉంది.

రేవు కటకటాలు వేశారు. ఇసక దిబ్బ మీది గుడిసెలోకి ఆమెని మార్చారు. ముగ్గురు పిల్లలకీ టీకా వేసేటప్పుడు ఆ తల్లులు నాకు దణ్ణాలు పెట్టారు.

అంకె లేదు

పంపు దగ్గర నీళ్లకి జనం చేరిన వేళ చూసుకుని చెప్పేశాను. ఏడాది నియమం నేను కల్పించిందనీ, వెయ్యో అంకెకి ఆమె చెయ్యి కావాలని దాచాననీ. చెప్పకపోతే సూరాయమ్మ చెబుతానంది. కాబట్టి ఇందులో నా గొప్ప ఏమీ లేదు.

కొందరు “మీరు గొలుసు కోసమే కదండీ చేశారు మాస్టారూ” అన్నారు. ఆ మాట అననివాళ్ల కన్నా అన్నవాళ్ల మొహం చూడ్డమే కష్టమైంది. గంగరాజు చేతిలో చెక్క చెక్కే బాడిస ఉంది. దాన్ని ముందు దూరంగా విసిరేశాడు. అప్పుడు నా దగ్గరకొచ్చాడు.

“మా ఇంటి కేసి రాకండి” అన్నాడు. ‘అండి’ మానలేదు. అదే నన్ను చంపేసింది.

అయినా రోజూ తెల్లారగట్ల దిబ్బ మీదకి రెండు బిందెల నీళ్లు మోసి గుమ్మం దగ్గర పెడుతున్నాను. మొదట్లో గంగరాజు వాటిని ఇసకలో పారబోసేవాడు. నిన్న ఒకటి పారబోశాడు, ఒకటి లోపలికి తీసుకెళ్లాడు. గుడిసె తడికల్లోంచి గాలి కొడుతోందని సూరాయమ్మ అంటే కాగితం బుడగ తెచ్చి చింపి ఆ సందుల్లో కూరాను. సందులు కూరడం ఆమె పని. నాకు సరిగా రాలేదు.

అంకె లేదు

ఈ వారం ముగ్గురు పిల్లల పొక్కులూ పండాయి. ఎక్కించడానికి చెయ్యి లేదు. రసాన్ని దారానికి పట్టించి ఆరబెడితే మా ఎండలకి నిలవదని ఎప్పుడో తెలుసుకున్నాం.

చెయ్యి లేదని రాశాను గానీ ఒకటుంది. సాలెవీధిలో నాలుగు రోజుల కిందట మగపిల్లాడు పుట్టాడు. నెల నిండని పసిగుడ్డుకి వెయ్యకూడదు, కొందరు తట్టుకోలేరు. అది కూడా నేను రాసిన నియమమే. అంకె మాత్రం వెయ్యి అవుతుంది.

వెళ్లాను. సూది కాచి, మూట కట్టుకుని, ఎండలో ఆ వీధి చివరి దాకా నడిచాను. ఇంత జరిగాక కూడా నా కాళ్లు నన్ను అక్కడికి తీసుకెళ్లాయి. గుమ్మంలో నన్ను చూడగానే బాలింత లేచి కూర్చుని, పిల్లాడికి చుట్టిన గుడ్డ విప్పి, నా చిటికెన వేలంత లేని ఆ చెయ్యి బయటికి తీసింది. ఏమీ అడగలేదు. పైడితల్లి కూడా అంతే, ‘సరేనండి’ అంది.

“ఊరికే చూసి పోదామని వచ్చానమ్మా. చలిగాలి తగలనివ్వకు” అని వెనక్కి తిరిగాను. మంచిపని చేశానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. వెళ్లింది ఆ అంకె కోసమే.

సాయంత్రం గొలుసు తెగిందని రేవు పలక మీద రాశాను. 999. తుడవద్దని చెప్పాను.

అంకె లేదు

పైడితల్లి బతికింది. కుడికన్ను పోయింది. పెచ్చులు రాలాయి, మొహం నిండా గుంటలు మిగిలాయి. ఈ రోజు గంగరాజే నన్ను లోపలికి రమ్మన్నాడు. ఆమె అడిగిందట.

గోడ వైపు తిరక్కుండా, నా కేసే సూటిగా కూర్చుంది. తడికల సందుల్లో నా పాత పేపర్లు కనబడుతున్నాయి. నల్ల రంగు సున్నా ఒకటి ఆమె తల వెనకే ఉంది.

“ఆ ఏడాది రూలు నేదట గదా బాబూ?”

“లేదమ్మా. నేను కల్పించాను.”

“ఎందుకూ?”

“వెయ్యో అంకె నీకివ్వాలని.”

“నానడిగినానా?” అంది.

ఆమె నన్ను తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. పలక మీద వరస ఎప్పుడైనా బయట పెట్టారా అని అడిగింది. వరస నా తలలో ఉండేదని చెప్పాను. “అదే మరి” అంది. ఇంక వెళ్లమన్నట్టు కాళ్లు ముడుచుకుంది.

అంకె లేదు

రేవు తెరిచారు. వరదయ్య దగ్గరికి బయల్దేరాను. పండిన పొక్కున్న చెయ్యి ఒకదాన్ని రెండు పూటల పాటు మా లంకకి పంపమని అడగాలి. సాలెవీధి పిల్లాడికి నెల దాటింది. రెండు కొత్త కాపరాలు దిగాయి. ఒకప్పుడు ఇదే పని మీద అతనొస్తే, స్నానం చేస్తున్నానని కబురు పెట్టి మధ్యాహ్నం దాకా రేవులో ఎండలో నిలబెట్టాను. ఆ రోజు నేను స్నానం చెయ్యలేదు. అటక మీంచి అతణ్ణి చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడతను ఎంతసేపు నిలబెట్టినా నిలబడతాను.

కొత్త వరస పలక మీద రాసి రేవు స్తంభానికి కట్టించాను. సుద్దముక్క సూరాయమ్మ దగ్గరుంది. “నీ చేతికి మాత్రం ఇవ్వను” అంది. సరేనన్నాను.

పడవ దగ్గర జనం వరసగా నిలబడ్డారు. మచ్చ చూపించినవాళ్లని రేవు కాపలా దొరబాబు ఎక్కనిస్తున్నాడు. నా ముందు ఇద్దరు. వాళ్లలో ముందున్నది పైడితల్లి, అవతలి గట్టున పనికి వెళుతోంది. తల మీద నించి ముసుగేసుకుంది.

“చెయ్యి చూపించమ్మా” అన్నాడు దొరబాబు, ఎవరో గమనించకుండా.

ఆమె చెయ్యి చూపించలేదు. ముసుగు తీసి మొహం చూపించింది.

దొరబాబు రెండడుగులు వెనక్కి వేశాడు. “ఎక్కండమ్మా” అన్నాడు మెల్లగా. అమ్మవారు పోసి తగ్గిన మనిషికి మళ్లీ రాదు. రేవు దాటడానికి అంతకన్నా గట్టి మచ్చ లేదు. ఆమె వెనకున్న మనిషి చెయ్యి చూపించి ఎక్కాడు. నా వంతొచ్చింది. ఇవాళ నేను కండువా నిండా కప్పుకుని వెళ్లాను.

“మిమ్మల్నడగడమేంటండి మాస్టారూ, ఎక్కండి, ఎక్కండి” అని దొరబాబు దారిచ్చాడు.

పడవలోంచి పైడితల్లి గొంతు వినిపించింది. “ఆ మాస్టార్నీ అడుగు.”

దొరబాబు అటూ ఇటూ చూశాడు. “చెయ్యి... చూపించండి మాస్టారూ” అన్నాడు.

కండువా తీశాను. గొలుసు 1. పంతొమ్మిదేళ్లుగా ఎవరూ అడక్కుండానే చూపించుకు తిరిగిన మచ్చ. నా వెనక వరసలో ఉన్నవాళ్లూ, పడవలో ఉన్నవాళ్లూ దాన్నే చూస్తున్నారు. దొరబాబు అందరి చేతులూ చూసినట్టే వంగి చూసి తలూపాడు.

ఎక్కి, ఖాళీ ఉన్న చివరి చోట కూర్చున్నాను.